గ్లెన్‌బోయిగ్ ఇటుక కాలిఫోర్నియా ఒడ్డుకు ఎలా చేరింది?

మీ ప్రశ్న చదివాను, ఫోటోలు పెద్దవి చేసి చూశాను. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున ఆటు సమయంలో నడుస్తుంటే మీకు రెండు లేతరంగు ఇటుకలు కనిపించాయి. ఒకదాని మీద గ్లెన్‌బోయిగ్ అని, రెండోదాని మీద కోవెన్ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాలు. అక్కడ కుక్కను తిప్పుతున్న పెద్దాయన ఒకరు, ‘ఇవి స్కాట్లాండ్ ఇటుకలు, ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువుకు వేసుకొచ్చి ఇక్కడ పారేసేవాళ్ళు’ అని చెప్పారు. అది నిజమేనా, ఎంత పాతవి, ఏమైనా ధర పలుకుతాయా, పెరట్లో పిజ్జా పొయ్యి కట్టుకోవడానికి పనికొస్తాయా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. గ్లెన్‌బోయిగ్ ఇటుక స్కాట్లాండ్‌దే, అనుమానం లేదు. కోవెన్ మాత్రం ఇంగ్లండ్‌ది. రెండూ పారేయడానికి తెచ్చినవి కావు, ఎవరో బేరమాడి, డబ్బిచ్చి కొన్నవి. పిజ్జా పొయ్యికి మాత్రం వద్దు. తీరిక ఉంటే మిగతాది చదవండి.

నేను ఉద్యోగ జీవితమంతా ఉక్కు కర్మాగారంలో రిఫ్రాక్టరీ విభాగంలో గడిపాను. అంటే కొలిముల లోపలి గోడ కట్టించడం, అరిగిపోయాక విప్పించడం, మళ్ళీ కట్టించడం. ఇటుక మీద ముద్ర చూడకుండా చేతిలోంచి కింద పెట్టే అలవాటు మా వాళ్ళెవరికీ ఉండదు. ముద్ర తప్పితే వేడి తగిలే చోట మరో రకం ఇటుక పడుతుంది, ఆ పొరపాటు ఆరు నెలల తర్వాత కొలిమి పెంకు ఎర్రబడ్డప్పుడు బయటపడుతుంది. అందుకే పాత విదేశీ ముద్రల మీద నాకు మొదటినుంచీ ఆసక్తి.

మీ చేతిలో ఉన్నది ఇల్లు కట్టే ఇటుక కాదు. దాన్ని ఫైర్ బ్రిక్ అంటాం. మామూలు ఎర్ర ఇటుక పదకొండు వందల డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. మంచి ఫైర్ క్లేతో చేసినది 1,600 డిగ్రీలు దాటినా ఆకారం చెడకుండా నిలుస్తుంది. తేడా అంతా మట్టిలోనే ఉంది. సుమారు ముప్పై కోట్ల సంవత్సరాల క్రితం మధ్య స్కాట్లాండ్ చిత్తడి అడవి. అక్కడి చెట్లే తర్వాత బొగ్గయ్యాయి. ఆ చెట్లు వేళ్ళూనిన బురదలోంచి సోడా, పొటాష్, సున్నం, ఇనుము చాలావరకు నీళ్ళలో కరిగి వెళ్ళిపోయాయి. మట్టిని తక్కువ వేడికే కరిగించేవి ఇవే. అవి పోగా మిగిలింది అల్యూమినా, సిలికా. ఇదే ఫైర్ క్లే. కొన్నిచోట్ల ఆ మట్టిబెడ్డల్లో పాతకాలపు వేళ్ళ ఆనవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇలాంటి మట్టి ప్రపంచంలో చాలాచోట్ల ఉంది, మన రాణీగంజ్, ఝరియా ప్రాంతాల్లోనూ ఉంది. మరి స్కాట్లాండ్ ఇటుకే ఎందుకు ఇంత దూరాలు వెళ్ళింది? పటం తీసి గ్లాస్గో నుంచి తూర్పుగా ఫాల్కర్క్ దాకా చూడండి. ఆ ఇరుకు పట్టీలోనే ఫైర్ క్లే ఉంది, దాన్ని కాల్చే బొగ్గు ఉంది, దాన్ని వాడే ఇనుప కొలుములు ఉన్నాయి. 1790లో పూర్తయిన ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ ఉంది. ఆ కాలువకు పడమటి కొసన క్లైడ్ నది ఒడ్డు బౌలింగ్, తూర్పు కొసన గ్రేంజ్‌మౌత్ రేవు, మధ్యలోంచి గ్లాస్గోకు ఒక పాయ. 1831లో గార్న్‌కర్క్ అండ్ గ్లాస్గో రైలు మార్గం తెరిచారు. ఆ గార్న్‌కర్క్‌లోనే పేరుమోసిన ఫైర్ క్లే కర్మాగారం ఉండేది. అది ఇటుకలే కాదు, తోటల్లో పెట్టే మట్టి కుండీలు, అలంకార పాత్రలు కూడా చేసేది. తవ్విన చోటే కాల్చి, కాల్చిన చోటే పడవెక్కించే వీలు చాలా తక్కువ ఊళ్ళకు ఉంటుంది.

గ్లెన్‌బోయిగ్ ఆ పట్టీలోని చిన్న పల్లె, కోట్‌బ్రిడ్జ్ అనే ఇనుప పట్నం పక్కన. గ్లాస్గోలో జేమ్స్ బోమాంట్ నీల్సన్ 1828లో కొలిమిలోకి చల్లగాలి బదులు ముందే కాచిన గాలి ఊదే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక కోట్‌బ్రిడ్జ్ చుట్టూ ఇనుప కొలుములు పుట్టగొడుగుల్లా లేచాయి. కొలిమి పెరిగిన చోట ఫైర్ బ్రిక్ గిరాకీ ఇంటి గుమ్మంలోనే ఉన్నట్టు. గ్లెన్‌బోయిగ్ మట్టికి పేరు తెచ్చినవారు జేమ్స్ డనాకీ. అక్కడి పనులన్నీ కలిసి 1882లో గ్లెన్‌బోయిగ్ యూనియన్ ఫైర్ క్లే కంపెనీ అయింది. కొలిమి కట్టే ఇంజినీరు టెండరు కాగితంలో ‘గ్లెన్‌బోయిగ్ లేదా దానికి సరిసమానమైనది’ అని రాసే స్థాయికి ఆ పేరు చేరింది. ఒక ముద్రకు అంతకన్నా పెద్ద మెప్పు మా వృత్తిలో లేదు.

ఈ పేరు మన దేశపు చార్టర్డ్ అకౌంటెంట్లు చాలామందికి తెలుసు, ఇటుక సంగతి మాత్రం తెలియదు! కంపెనీ ఫైర్ క్లే పొర మీదుగా కలడోనియన్ రైల్వే లైను వెళ్ళింది. కింద తవ్వితే పట్టాలు కుంగుతాయని రైల్వే ఆపించి నష్టపరిహారం ఇచ్చింది. ఆ డబ్బు వ్యాపార లాభమా, పోయిన ఆస్తికి వచ్చిన మూలధనమా అన్న తగవు అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన బ్రిటిష్ ప్రభువుల సభ దాకా వెళ్ళింది. అది మూలధనమే, లాభాల కింద దాని మీద పన్ను పడదు అని 1922లో తీర్పు వచ్చింది. పరిహారం మీద పన్ను వేయవచ్చా అన్న వివాదం మన కోర్టుల్లో తలెత్తినప్పుడల్లా ఆ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నారు. మీ ఇటుకకు భారతదేశంతో ఉన్న బంధాల్లో అన్నిటికన్నా గట్టిది ఇదేనేమో.

ఇప్పుడు అసలు విషయం. ప్రపంచమంతా స్కాట్లాండ్ ఇటుకలు దొరకడానికి జనం చెప్పుకునే కారణాలు చాలా ఉన్నాయి. నా దృష్టిలో ముఖ్యమైనది ఒక్కటే: ఫైర్ బ్రిక్ అరిగిపోయే సరుకు. ఇల్లు కట్టిన ఇటుక వందేళ్ళు గోడలోనే కూర్చుంటుంది. కొలిమిలో ఇటుక వేడికి పెచ్చులూడుతుంది, బూడిదలోని క్షారాలు దాన్ని తింటాయి, కరిగిన ఇనుము రాపిడికి అరుగుతుంది. కొన్ని చోట్ల ఏళ్ళకు, కొన్ని చోట్ల నెలలకే మార్చాలి. అంటే ఒకసారి యంత్రం కొన్నవాడు ఆ యంత్రం బతికున్నంతకాలం ఇటుకలు కొంటూనే ఉండాలి. బాయిలరు ఒక్కసారే వస్తుంది. దాని వెంట ఇటుకలు దశాబ్దాల తరబడి వస్తాయి.

రైలింజన్ సంగతే తీసుకోండి. 1859 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని మిడ్‌లాండ్ రైల్వేలో ఇంజన్ నిప్పుపెట్టె లోపల ఫైర్ బ్రిక్‌తో ఒక ఏటవాలు కమాను కట్టడం స్థిరపడింది. బొగ్గు పొగ ఆ కమాను కింద తిరిగి పూర్తిగా మండి ముందుకు పోతుంది. దానితో ఖరీదైన కోక్ బదులు నేరుగా బొగ్గే కాల్చడం కుదిరింది. ఆ కమాను ఇటుకలు పగులుతూనే ఉంటాయి, షెడ్డులో మారుస్తూనే ఉండాలి. గ్లాస్గోలో నీల్సన్ రీడ్, డబ్స్, షార్ప్ స్టువర్ట్ కంపెనీలు ఇంజన్లు చేసి ప్రపంచమంతా పంపేవి. 1903లో ఆ మూడూ కలిసి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ అయ్యాయి. భారతదేశం వాళ్ళ పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. చక్కెర యంత్రాలదీ ఇదే కథ. మిర్లీస్ వాట్సన్ లాంటి గ్లాస్గో కంపెనీలు చెరకు మిల్లులను భాగాలుగా చేసి కరీబియన్ దీవులకు, మారిషస్‌కు పంపేవి. గ్యాసు కర్మాగారాల్లో బొగ్గును మూసి కాల్చే రిటార్టులు ఫైర్ క్లేవే, వాటిని పొదిగిన గోడలూ ఫైర్ బ్రిక్‌వే. ఇక ఇనుము తీసే పెద్ద కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన నిలబడి దానికి గాలి కాచి ఇచ్చే స్టవ్‌ల గురించి మా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఇంగ్లండ్ ఇంజినీరు కౌపర్ 1857లో పేటెంట్ తీసుకున్న పద్ధతే నేటికీ నడుస్తోంది. నిలువు గొట్టం నిండా లక్షల ఇటుకలను గళ్ళు గళ్ళుగా పేర్చి, వాటిని ముందు మంటతో కాచి, తర్వాత వాటి మధ్య నుంచి గాలి పంపుతారు.

ఓడ బరువు కథకు వస్తాను. అందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని సరిగా చెప్పుకోవాలి. తెరచాప ఓడ అడుగున బరువు లేకపోతే గాలికి ఒరిగిపోతుంది. ఆ మాట వాస్తవం. కానీ ఉత్త బరువే కావాలనుకుంటే రాళ్ళూ ఇసుకా రేవులోనే దొరుకుతాయి, చవక. చివర నీళ్ళలో విసిరెయ్యడానికి ఏ కెప్టెనూ ముద్ర వేసిన ఫైర్ బ్రిక్ కొనడు. జరిగింది వేరు. 1860ల చివరి నుంచి కాలిఫోర్నియా గోధుమలు వందల ఓడల్లో లివర్‌పూల్ వైపు వెళ్ళేవి. పనామా కాలువ 1914 దాకా లేదు, అంతా కేప్ హార్న్ చుట్టే, నెలల తరబడి ప్రయాణం. గోధుమ తీసుకోవడానికి వచ్చే ఓడ ఖాళీగా రాలేదు కదా. అందుకని ఎలాగూ కావలసిన బరువును డబ్బొచ్చే సరుకుతోనే నింపేవారు: బొగ్గు, పోత ఇనుము, సిమెంటు, ఫైర్ బ్రిక్. వీటికి కిరాయి తక్కువ. ఒక్కో ఫైర్ బ్రిక్ మూడున్నర కిలోలు, వెయ్యి ఇటుకలంటే మూడున్నర టన్నులు. అంత బరువైన, చవకైన సరుకు భూమి మీద నూరు మైళ్ళు మోసినా గిట్టదు. అదే సముద్రం మీద సగం భూగోళం చుట్టి వచ్చినా గిట్టింది. బరువు అవసరం కిరాయిని దించింది, సరుకును మాత్రం కొనుగోలుదారే రప్పించుకున్నాడు.

శాన్ ఫ్రాన్సిస్కోలో కొనేదెవరు? బంగారం వెర్రి మొదలైన 1849లోనే పీటర్ డొనహ్యూ సోదరులు అక్కడ ఇనుప పోతపని పెట్టారు. ఆ డొనహ్యూనే గ్యాసు కంపెనీ పెట్టి 1854 ఫిబ్రవరిలో నగర వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగించాడు. పోతపని కొలిమికి ఫైర్ బ్రిక్ కావాలి, గ్యాసు రిటార్టులకు కావాలి, తర్వాత వచ్చిన సీసం, వెండి కరిగించే పనులకు కావాలి, గనుల్లో నీళ్ళు తోడే ఆవిరి యంత్రాల బాయిలర్లకు కావాలి. స్థానికంగా లింకన్ పట్నం మట్టితో గ్లాడింగ్ మెక్‌బీన్ కంపెనీ మొదలైంది 1875లో. అదీ తొలి రోజుల్లో చేసింది మురుగు గొట్టాలు. స్థానిక ఫైర్ బ్రిక్ నిలదొక్కుకునేదాకా సముద్రం దాటి వచ్చినదే దిక్కు.

ఇటుక దొరికిన చోటే వాడారని కూడా అనుకోకండి. 1906 భూకంపం, ఆ వెంటనే వచ్చిన మంటల తర్వాత నగరంలో కూలిన గోడల శిథిలాలను పెద్ద ఎత్తున ఒడ్డుకు తరలించి పోశారు. దానికి ముందూ తర్వాతా కూడా అఖాతం అంచులను పూడ్చి నేలను పెంచుతూ వచ్చారు. పూడ్చిన అంచును అలలు కోసేకొద్దీ పాత ఇటుకలు బయటపడతాయి. ఒడ్డున ముద్ర ఇటుకలు గుట్టగా కనిపిస్తే దగ్గర్లో ఓడ మునిగిందని ఊహించడం కన్నా లారీ బోర్లించిందని ఊహించడం క్షేమం.

కోవెన్ సంగతి చెప్పకుండా ఉండలేను. అది ఇంగ్లండ్ ఈశాన్యాన న్యూకాజిల్ పక్కన బ్లేడన్‌లోని జోసెఫ్ కోవెన్ కంపెనీ ఇటుక. అక్కడా ఇదే కథ: బొగ్గు, ఫైర్ క్లే, నది, రేవు. న్యూకాజిల్ నుంచి బొగ్గు ఓడలు ప్రపంచమంతా వెళ్ళేవి, వాటితో ఇటుకలూ వెళ్ళేవి. కంపెనీ నడిపిన జోసెఫ్ కోవెన్ తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఇటలీ విప్లవ వీరుడు గారిబాల్దీకి స్నేహితుడు. యూరప్‌కు వెళ్ళే ఇటుకల సరుకులో దాచి విప్లవ కరపత్రాలు పంపేవాడని చెప్పుకుంటారు. మీ ఇటుక అమెరికా వచ్చింది కాబట్టి అందులో కరపత్రం వెతకనక్కర్లేదు. అదే ప్రాంతానికి చెందిన రామ్సే, కార్ ముద్రలు కూడా కాలిఫోర్నియాలో దొరుకుతుంటాయి. వాటినీ జనం స్కాట్లాండ్ ఖాతాలోనే వేసేస్తారు. లేత రంగు, ముద్ర, పాతది అనగానే స్కాట్లాండ్ అనేయడం తొందరపాటు.

స్కాట్లాండ్ ముద్రలు మచ్చుకు కొన్ని గుర్తుపెట్టుకోండి: గ్లెన్‌బోయిగ్, గార్ట్‌క్రెయిగ్, కంబర్నాల్డ్, హర్ల్‌ఫర్డ్, బానీబ్రిడ్జ్, స్టైన్. ఇందులో స్టైన్ తర్వాతి తరం. జాన్ జి. స్టైన్ 1887లో బానీబ్రిడ్జ్‌లో మొదలుపెట్టి కాసిల్‌కేరీకి, తర్వాత మాన్యుయెల్‌కు విస్తరించాడు. వాళ్ళు నాణ్యతను బట్టి ఇటుకలకు నెటిల్, థిజిల్ వంటి మొక్కల పేర్లు పెట్టేవారు. ఇటుక మీద ఒక మొక్క పేరు ఒంటరిగా కనిపిస్తే అలంకారం అనుకోకండి, అది తరగతి పేరు. ఒకే కొలిమిలో మంట తగిలే లోపలి వరసకు ఒక తరగతి, వెనక వరసకు చవక తరగతి వాడతాం. మేస్త్రీ చదవడానికే ఆ ముద్ర. పన్ను కట్టినందుకు గుర్తుగా ముద్ర వేసేవారని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. బ్రిటన్‌లో ఇటుకల పన్ను 1784 నుంచి 1850 వరకు ఉన్న మాట నిజమే. పొలాల్లో నీరు తీసే పెంకులకు మినహాయింపు ఇచ్చి, వాటి మీద డ్రెయిన్ అని ముద్ర వేయించిన మాటా నిజమే. మీ ఇటుక మీది కంపెనీ పేరుకు దానితో సంబంధం లేదు.

ఇక మీ ఇటుకను మీరే చదవడం నేర్చుకోండి. ఫోటోలో గ్లెన్‌బోయిగ్ ఇటుక ఒక చివర గాజు పూసినట్టు ఆకుపచ్చగా, నల్లగా మెరుస్తోంది. మిగతా ముఖాలు మీగడ రంగులో ఉన్నాయి. మెరిసే చివరే మంట చూసిన ముఖం. బొగ్గు బూడిదలోని క్షారాలు, ఇనుము ఇటుక పైపొరతో కలిసి కరిగి అలా గడ్డకట్టాయి. అంటే అది గోడలో అడ్డంగా, చివర మంట వైపు ఉండేలా పేర్చిన ఇటుక. ఆ చివర కొలవండి. ఫైర్ బ్రిక్ మామూలు కొలత తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, రెండున్నర లేదా మూడు మందం. పొడవు తొమ్మిదికి ఎంత తగ్గితే అంత మంట తిన్నట్టు. పక్కల అంటుకున్న సున్నం కూడా చూడండి. ఫైర్ బ్రిక్‌ను ఫైర్ క్లే జావలో ముంచి పేరుస్తారు, అతుకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. అలా కాక వేలిమందం సున్నపు గార అంటుకుని ఉంటే, కొలిమి విప్పాక ఎవరో దాన్ని మామూలు గోడకో, మెట్టుకో వాడుకున్నారన్నమాట. ఇది చాలా జరిగేది, కొలిమి ఇటుక గట్టిది కదా. ఎక్కడా గాజు పొర, అతుకు లేకుండా అంచులు మాత్రమే అరిగి ఉంటే అది వాడని ఇటుక కావచ్చు, అలలే దాన్ని నునుపు చేశాయి. మందం ఒక వైపు తగ్గుతూ వచ్చిందా? అయితే కమానుకో, గుండ్రటి కొలిమికో చేసిన వెడ్జ్ ఇటుక. విరిగిన చోట గుండుసూది తల అంత నల్లచుక్కలు కనిపిస్తే అవి మట్టిలోని ఇనుము మరకలు. అవి ఎంత తక్కువుంటే మట్టి అంత మంచిది.

వయసు గురించి ముద్ర ఒక్కదాన్ని పట్టుకుని ఫలానా ఏడాది అనడం కుదరదు. గ్లెన్‌బోయిగ్ పేరు పందొమ్మిదో శతాబ్దంలో మొదలై ఇరవయ్యో శతాబ్దంలోకి బాగా సాగింది. కొన్ని ఆనవాళ్ళు మాత్రం సాయపడతాయి. అక్షరాలు వంకరగా, ఒక్కోటి ఒక్కో లోతులో, చేత్తో కొట్టినట్టుంటే పాత పద్ధతి. నలుచదరపు గడిలో అన్నీ సమంగా నిలబడితే యంత్రపు అచ్చు. స్కాట్లాండ్ అనే దేశం పేరు కూడా ఇటుక మీద ఉంటే 1891 తర్వాత అమెరికాకు పంపినది కావడానికి ఎక్కువ అవకాశం. అమెరికా చేసిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది మరి. మీ ఇటుక మీద దేశం పేరు లేదు, అక్షరాలు కొంచెం చెదిరి ఉన్నాయి. దాన్ని బట్టి గోధుమ ఓడల కాలానిది కావచ్చని నా అంచనా, అంతకుమించి నొక్కి చెప్పను.

ఇలాంటివి మన వైపు ఉన్నాయా అని కింద ఇంకెవరో అడిగారు. ఉత్తరాంధ్రలో ఒక పాత మిల్లు బాయిలర్ విప్పుతున్నప్పుడు వెనక వరసల్లో స్కాట్లాండ్ ముద్రలు, ముందు వరసల్లో మన దేశపు ముద్రలు కలిసి ఉండటం చూశాను. ముందు వరస అరిగి మారుతూ వచ్చింది, వెనకది కట్టిన నాటిదే మిగిలిపోయింది. అందుకే పాత కొలిమి చరిత్ర తెలియాలంటే వెనక వరస చూడాలి. మన దేశంలో ఎక్కువ కనిపించేది బర్న్ ముద్ర. కలకత్తా బర్న్ కంపెనీ రాణీగంజ్‌లో ఇటుకలు, కుండ సామగ్రి చేసేది. కంపెనీ మూలపురుషుడు ఆర్చిబాల్డ్ స్వింటన్ స్కాట్లాండ్ వాడే కావడం వేరే సంగతి. తర్వాత ఇప్పటి జార్ఖండ్‌లోని కుమార్‌ధుబి కర్మాగారం, 1958లో ఒడిశాలోని బెల్‌పహాడ్‌లో టాటా రిఫ్రాక్టరీస్ వచ్చాక దిగుమతి అవసరం బాగా తగ్గింది.

తెలుగువాళ్ళకు ఈ ఇటుకలతో అసలైన పరిచయం మాత్రం ఊళ్ళో కన్నా వలసల్లోనే జరిగి ఉంటుంది. హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు యంత్రాలూ, మేనేజర్లూ స్కాట్లాండ్‌లోని డండీ నుంచి వచ్చారు. కూలీలుగా గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్ళు వెళ్ళారు. బర్మాలో ఐరావతి నది మీద నడిచిన పడవల కంపెనీ గ్లాస్గోది, ఆ పక్కనే డంబార్టన్‌లో డెన్నీ ఓడల యార్డు వాటిని కట్టేది. హెండర్సన్ కంపెనీ ఓడలు గ్లాస్గో నుంచి రంగూన్‌కు బరువైన సరుకు తెచ్చి బియ్యం తీసుకుపోయేవి, కాలిఫోర్నియా గోధుమ ఓడల లెక్కే. ఆ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన వేలమంది తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలు అనేవారు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్ళినవారి సంగతి తెలిసిందే. ఊక, చెరకు పిప్పి కాల్చే బాయిలర్ ముందు నిలబడ్డ మనిషి కళ్ళెదుట ఫైర్ బ్రిక్ గోడే ఉంటుంది. రంగూన్‌లోనో, డర్బన్ పక్కనో ఉంటున్న తెలుగువారు ఎవరైనా ఇది చదువుతుంటే, పాత మిల్లు స్థలాల్లో ముద్ర ఇటుక కనిపించిందంటే తప్పకుండా ఫోటో పెట్టండి. ఇదంతా ఒక్క స్కాట్లాండ్‌కే ప్రత్యేకం కూడా కాదు. 1865లో బాసెల్ మిషన్ మొదలుపెట్టిన మంగళూరు పెంకులు కూడా వెనక కంపెనీ ముద్రతో సముద్రాలు దాటాయి.

చివరగా వాడకం. పిజ్జా పొయ్యికి వద్దన్నాను, కారణాలు రెండు. ఉప్పునీటిలో దశాబ్దాలు నానిన ఇటుక లోపలి సందుల్లో ఉప్పు, తేమ దాక్కుని ఉంటాయి. ఒక్కసారిగా కాచితే పెచ్చు పేలి ముఖం మీదికి వస్తుంది. రెండోది ఇంకా గట్టి కారణం. అది గ్యాసు కర్మాగారంలోంచి వచ్చిందో, సీసం కరిగించిన కొలిమిలోంచి వచ్చిందో మీకు తెలియదు. తారు, సీసం లాంటివి ఇటుకలోకి ఇంకి ఉంటాయి. దాని మీద రొట్టె కాల్చుకుని తినడం మంచిది కాదు. కొత్త ఫైర్ బ్రిక్ అక్కడే దుకాణంలో దొరుకుతుంది, కొనుక్కోండి.

దాచుకోవాలనుకుంటే ముందు ఆ ఒడ్డు ఎవరిదో చూడండి. జాతీయ, రాష్ట్ర పార్కుల పరిధిలో పాత వస్తువులు తీయడం నిషిద్ధం. అలాంటి చోటైతే ఫోటో తీసుకుని, ఇటుకను ఉన్నచోటే ఉంచండి. తీసుకోవడానికి అభ్యంతరం లేని చోటైతే, ఇంటికి తెచ్చి బకెట్టు మంచినీళ్ళలో వేసి, కొన్ని వారాలపాటు నీళ్ళు మారుస్తూ ఉంచండి. ఉప్పు బయటికి రాకపోతే ఆరాక తెల్లగా పొంగి అక్షరాల అంచులు రాలిపోతాయి. తర్వాత నీడలో ఆరనివ్వండి. యాసిడ్ పోయకండి, ఇనుప బ్రష్‌తో రుద్దకండి. గాజు పొరను ఊడగొట్టకండి, చెప్పే కథంతా అందులోనే ఉంది. ధర మీద ఆశ పెట్టుకోకండి. గ్లెన్‌బోయిగ్ లక్షల్లో తయారైన ఇటుక, సేకరించేవాళ్ళు ఎక్కువగా ఒకరికొకరు మార్చుకుంటారు తప్ప కొనరు.

కోవెన్ ఇటుకకు పక్కల నుంచి తీసిన ఫోటోలు రెండు పెట్టండి, మందం రెండు చివర్లా కొలిచి రాయండి. ఫోటోలో ఒక చివర సన్నబడినట్టు అనిపిస్తోంది. అది వెడ్జ్ అయితే ఏ రకం కొలిమిదో ఇంకొంచెం దగ్గరగా చెప్పగలను.